కూలి లెక్క, కానుక లెక్క

(గుంటూరులో ఒక సంఘం యువజనుల కోసం జరిపిన అధ్యయన సదస్సులో, కార్మిక శాఖలో పనిచేసి రిటైరైన సంఘ సభ్యురాలు ఒకరు చేసిన ప్రసంగం. మాటల్లో రెండుసార్లు వచ్చినవి మాత్రం తీసేశాం.)

పాస్టరు అయ్యగారికి, అమ్మగారికి, పెద్దలకి, మీ అందరికీ వందనాలండీ.

నాకిచ్చిన అంశం "సామాజిక న్యాయం: క్రైస్తవ దృక్పథం" అని కార్డు మీద వేశారు. వేదాంత పాఠశాల మొహం నేను చూడలేదు. చదివింది ఏసీ కాలేజీలో, అంటే ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీలో, ఉద్యోగం చేసింది లేబర్ ఆఫీసులో. కాబట్టి గ్రీకు, హీబ్రూ నా దగ్గర దొరకవు. ఫిర్యాదులు, హాజరు మస్టర్లు, జీతాల రిజిస్టర్లు దొరుకుతాయి. బైబిలు కూడా నేను ఆ అలవాటుతోనే చదువుతాను. ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలి, ఇచ్చారా లేదా, అని. అలా చదివితే ఆ పుస్తకంలో డబ్బు లెక్కలు ఎన్ని ఉన్నాయో చూసి ఆశ్చర్యపోతారు.

మన సంఘాల్లో న్యాయం అనగానే దానం వైపుకి జారిపోతాం. క్రిస్మస్‌కి చీరలు, చలికాలంలో దుప్పట్లు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు ఎన్ని సంఘాల నుంచి పులిహోర పొట్లాలు, నీళ్ల సీసాలు వెళ్లాయో మీకు తెలుసు. వెళ్లాల్సిందే, ఆకలితో ఉన్నవాడి ముందు నిలబడి ప్రసంగం చెయ్యకూడదు. నా గొడవ వేరే. దుప్పటి చేతిలో పెట్టేముందు, ఈ మనిషికి మనం బాకీ ఏమన్నా ఉన్నామా అని ఎవరూ అడగరు. బాకీ ఉన్నవాడు దానం చేస్తే దాన్నేమంటారో మీరే చెప్పండి.

యాకోబు పత్రిక అయిదో అధ్యాయం, నాలుగో వచనం తీయండి. చేలు కోసిన పనివాళ్లకి ఇవ్వకుండా బిగపట్టిన కూలి మొర్ర పెడుతోందని ఉంది. చూశారా? ముందు మొర్ర పెట్టేది డబ్బే. యజమాని ఇంట్లో పెట్టెలో కూర్చుని అరుస్తోంది. కోతవాళ్ల కేకలు ఆ తర్వాత. ద్వితీయోపదేశకాండం 24లో అయితే గడువు కూడా ఉంది: పొద్దుగూకే లోపల ఇచ్చెయ్యాలి, ఎందుకంటే వాడి ప్రాణం దానిమీదే ఉంది. ఒకటో తారీఖు అనో, సరుకు అమ్ముడుపోయాక అనో లేదు.

ఇది మన ఊళ్లో పెట్టి చూద్దాం. మన మిర్చి యార్డు ఆసియాలోకల్లా పెద్దదని చెప్పుకుంటాం. సీజన్లో చిలకలూరిపేట రోడ్డున వెళ్తే అద్దాలు ఎత్తినా తుమ్ములు ఆగవు. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతాయి, ఎక్కుతాయి, తేజ రకం ఎంత పలికింది, క్వింటాలుకి ఎంత పెరిగింది, అన్నీ పేపర్లో వస్తాయి. కాయకి తొడిమ తీసే ఆడవాళ్లకి కిలోకి ఎంత ఇస్తున్నారో ఏ పేపర్లోనూ రాదు.

ఆ పని దగ్గరగా చూసినవాళ్లు మీలో ఎంతమంది? ముఖానికి పాత చీర గుడ్డ చుట్టుకుని కూర్చుంటారు. ముందు కాయ కుప్ప, ఒక పక్క తీసిన కాయ, ఇంకో పక్క రంగు పోయిన తాలు కాయ. బొటనవేలి గోరు తొడిమ మొదట్లో పెట్టి లాగాలి. కాయ చిట్లకూడదు, గింజ రాలకూడదు. సాయంత్రం కాటా. తూకంలో కొంత తరుగు తీస్తారు, ఎందుకు తీస్తారని అడిగితే మర్నాటి నుంచి పిలవరు. రాత్రికి వేళ్లు మంటలెత్తిపోతాయి, కొబ్బరి నూనె రాసుకుంటారు, మజ్జిగలో ముంచుకుంటారు. చంటిపిల్లల తల్లి అయితే బిడ్డని ఎత్తుకోవడానికి భయపడుతుంది, ఆ చెయ్యి పొరపాటున పిల్ల కంటికి తగిలితే అంతే. అందుకని అమ్మమ్మో పక్కింటావిడో నీళ్లు పోస్తారు.

లేబర్ ఆఫీసులో మేము వేసే ప్రశ్న చాలా చిన్నది. కిలో లెక్కయినా సరే, ఎనిమిది గంటలు కూర్చుంటే చేతికి ఎంత వస్తోంది? సర్కారు ఆ పనికి కనీస వేతనం కట్టి ఉంటే, పీసు రేటు సాకుతో దానికంటే తగ్గించడానికి వీల్లేదు. 1948 కనీస వేతనాల చట్టంలోనే ఉండేది ఈ మాట. అదే చట్టం 20వ సెక్షన్లో ఇంకోటి ఉండేది. తక్కువ ఇచ్చినట్టు తేలితే ఆ తేడా కట్టించడమే కాకుండా, దానికి పది రెట్ల దాకా పరిహారం వెయ్యొచ్చు. కాకపోతే ఆరు నెలల్లోపు ఫిర్యాదు పెట్టుకోవాల్సి ఉండేది. ఆ ఆరు నెలలు ఎలా గడిచిపోయేవో నాకు తెలుసు. "సీజన్ అయ్యాక చూద్దాం అన్నారమ్మా" అని వచ్చేవాళ్లు, అప్పటికి గడువు దాటిపోయేది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లో ఈ గడువు మూడేళ్లు చేశారు. లేబర్ కోడ్ల మీద నాకు కోపాలు చాలా ఉన్నాయి గానీ, ఈ ఒక్కటి మంచిదే.

పది రెట్లు అంటే కొందరు మేనేజ్‌మెంట్ వాళ్లు "ఇదెక్కడి అన్యాయం మేడం" అనేవాళ్లు. వాళ్లలో మనవాళ్లుంటే లూకా సువార్తలోని జక్కయ్యని, పన్నులు వసూలు చేసే సుంకరిని, గుర్తు చేసేదాన్ని. సండే స్కూల్లో మనకి ఆయన పొట్టివాడనీ, మేడిచెట్టు ఎక్కాడనీ నేర్పారు. అక్కడితో ఆపేశారు. అసలు సంగతి ఆయన దిగాక ఉంది. లేవీయకాండం ఆరో అధ్యాయం ప్రకారం, మోసం చేసినవాడు తానే ఒప్పుకుంటే అసలు, దాని మీద అయిదో వంతు కలిపి ఇస్తే చాలు. నిర్గమకాండం 22లో గొర్రెని దొంగిలించి కోసుకున్నవాడికో, అమ్ముకున్నవాడికో నాలుగు రెట్లు. జక్కయ్య అయిదో వంతు దగ్గర ఆగొచ్చు. ఆగలేదు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగు రెట్లు ఇస్తానని, దొంగకి వేసే రేటు తనకు తానే వేసుకున్నాడు. నేను చేసింది పొరపాటు కాదు, దొంగతనం అని ఒప్పుకున్నట్టే. "నేడు ఈ ఇంటికి రక్షణ వచ్చింది" అన్న మాట యేసు ఎప్పుడన్నాడు? ఈ అంకెలు చెప్పాక. మనమైతే ఆయన చెట్టు దిగగానే తల మీద చెయ్యేసి ప్రార్థన చేసి, కమిటీలో మెంబర్‌షిప్ ఇచ్చేసేవాళ్లం. (నవ్వులు)

దానానికి, కూలికి ఉన్న తేడా మన ప్రాంతంలోనే ఒకాయన బాగా గ్రహించాడు. జాన్ క్లౌ, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ, ఒంగోలు. 1842లోనే మన గుంటూరుకి లూథరన్ మిషనరీ హయ్యర్ గారు వచ్చారు, లూథరన్లకి ఆ కథ కొత్త కాదు కాబట్టి దాటేస్తున్నాను. క్లౌ ఒంగోలు వచ్చింది 1866లో. ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగాయన, తోళ్ల వ్యాపారం చేసే మనిషి, ఆయన ద్వారా ఊళ్లు కదిలాయి. అప్పటికే మిషన్ బడికి బ్రాహ్మణ పిల్లలు వస్తున్నారు. ఈ మాదిగల్ని చేర్చుకుంటే మేం రామన్నారు ఆ పెద్దలు. ఆ రోజు భార్యాభర్తలిద్దరూ వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ మొదటి కొరింథీ ఒకటో అధ్యాయం, ఘనులు అనేకులు పిలవబడలేదన్న చోటే కనపడిందని క్లౌ రాసుకున్నాడు. దేవుని నడిపింపు అనండి, ఇంకేమన్నా అనండి, దంపతులు తేల్చుకున్నది మాత్రం స్పష్టం. బడి ఖాళీ అయినా సరే, వచ్చినవాళ్లని వెనక్కి పంపేది లేదన్నారు.

నేను చెప్పదలిచింది పదేళ్ల తర్వాతి సంగతి. 1876 నుంచి 78 దాకా దక్షిణాదిన పెద్ద కరువు. అప్పుడు మద్రాసు ప్రభుత్వం కరువు పనుల కింద బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. క్లౌ గంజి కేంద్రం పెట్టి ఊరుకోవచ్చు. ఆయనేం చేశాడంటే, మూడున్నర మైళ్ల కాలువ పని కాంట్రాక్టుకి తీసుకున్నాడు. ఒక దొర, పాదిరి, మట్టి కాంట్రాక్టరయ్యాడు! బోధకుల్ని మేస్త్రీలుగా పెట్టి, పని చేసినవాళ్లకి కూలి ఇప్పించాడు. తిట్లూ దెబ్బలూ లేకుండా, కూలి ఎగ్గొట్టకుండా పని దొరికే చోటు అది ఒక్కటే అని జనం నడిచి వచ్చారు. ఎక్కడెక్కడి మాలలూ మాదిగలూ వచ్చారు, వేరే కులాలవాళ్లూ వచ్చారు.

ఇంకో పని కూడా చేశాడు, నాకు అదే పెద్దదిగా కనపడుతుంది. కరువు ఉన్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. జనం అడుగుతున్నా ఇవ్వలేదు. గింజల కోసం చేరారన్న మాట రాకూడదు, కూలి ఇచ్చిన చెయ్యి విశ్వాసాన్ని కొనకూడదు. కరువు తెరిపిచ్చి, సాయం ఆగిపోయాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మనవాళ్లు ఈ 2,222 అంకె పట్టుకుని ఉజ్జీవ సభల్లో ఊగిపోతారు. దాని ముందున్న మూడున్నర మైళ్లు ఎవరూ చెప్పరు. "బియ్యం బస్తా క్రైస్తవులు" అని ఎవరైనా మిమ్మల్ని ఎకసెక్కం చేస్తే, కోపం తెచ్చుకోకుండా ఈ కాలువ కథ చెప్పండి.

క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్, ఆవిడ కూడా తెలుగు మిషన్‌లో పనిచేయడానికి వచ్చినామే. ఆమె తమ్ముడు వాల్టర్ రౌషెన్‌బుష్. అమెరికాలో "సామాజిక సువార్త" అనే ఉద్యమానికి పెద్ద గొంతు ఆయనదే. న్యూయార్కులో కూలి జనం ఉండే పేటలో పాస్టరుగా పనిచేసి, 1907లో దాని మీద పుస్తకం రాశాడు. ఆయన్ని ఒకప్పుడు మన తెలుగు వేదాంత పాఠశాలకి అధ్యక్షుడిగా పంపాలనుకున్నారు. ఆయన పాత నిబంధన చదివే తీరు మీద అమెరికాలో ఆచార్యుడొకాయన అభ్యంతరం చెప్పడంతో ఆగింది. వచ్చి ఉంటే మన పాస్టర్ల ప్రసంగాలు ఇవాళ ఎలా ఉండేవో అనిపిస్తుంది నాకు. సరే, అది పక్కదారి.

నెహెమ్యా అయిదో అధ్యాయానికి రండి. బిల్డింగ్ ఫండ్ సభల్లో నెహెమ్యా పుస్తకం ఎక్కువ చదువుతారు, యెరూషలేము గోడ కట్టాడు కదా. అయిదో అధ్యాయం మాత్రం దూకేస్తారు. గోడ పని సగంలో ఉండగా జనం కేక వేశారు. జనమూ, వాళ్ల భార్యలూ అని ప్రత్యేకంగా రాశారు. పొలాలు తాకట్టు పెట్టి గింజలు తెచ్చుకున్నాం, రాజుగారి పన్నుకి అప్పు చేశాం, మా కూతుళ్లలో కొందరు ఇప్పటికే దాసులైపోయారు, విడిపించుకునే శక్తి మాకు లేదు అని. అప్పిచ్చిందెవరు? బయటివాళ్లు కాదు, సొంత సహోదరులే. వడ్డీ ఎంత? నూరో భాగం. నెలకి నూటికి ఒకటి అని చాలామంది పండితులు అర్థం చెబుతారు. అంటే మన భాషలో రూపాయి వడ్డీ. ఇవాళ మన పేటల్లో రూపాయి వడ్డీకి ఎవరైనా ఇస్తే దండం పెడతాం! నెహెమ్యాకి ఆ రూపాయి వడ్డీకే కోపం వచ్చింది.

2015 డిసెంబరులో బెజవాడలో కాల్ మనీ అనే అధిక వడ్డీల వ్యవహారం బయటపడింది. మీలో కొందరు అప్పటికి బడిలో ఉండి ఉంటారు. ఖాళీ ప్రామిసరీ నోట్ల మీద సంతకాలు, ఖాళీ చెక్కులు, అసలుకి ఎన్నో రెట్లు కట్టినా తీరని అప్పులు, తీర్చలేని ఇళ్లలో ఆడవాళ్లని లొంగదీసుకోవడం. పేపర్లు చదివి అందరం ఛీఛీ అన్నాం. "మా కూతుళ్లు ఇప్పటికే దాసులయ్యారు" అన్న వచనం ఆ వారం ఎన్ని పుల్పిట్ల మీద చదివారు?

నెహెమ్యా ఏం చేశాడో వరసగా చూడండి. పెద్ద సభ పెట్టాడు. అక్కడ నేనూ, నా వాళ్లూ అప్పులిచ్చామని తన పేరు చెప్పాడు. తర్వాత అందరి ముందూ పొలాలు, తోటలు, ఇళ్లు, ఆ నూరో భాగం తిరిగి ఇమ్మన్నాడు. ఇస్తామన్నారు. ఆయన నమ్మి ఊరుకోలేదు. యాజకుల్ని పిలిపించి ప్రమాణం చేయించాడు. మా ఆఫీసులో రాజీ ఒప్పందం మీద ఇద్దరి చేతా సంతకం పెట్టించేవాళ్లం, దాదాపు అదే పద్ధతి. ఆ మీదట తనకి అధికారిగా రావాల్సిన భత్యం పన్నెండేళ్లు తీసుకోలేదు. ఇది ఉపవాస ప్రార్థనలతో తేలే పని కాదని ఆయనకి తెలుసు, ప్రార్థన తక్కువ చేసిన మనిషీ కాదు.

ఇప్పుడు మన ఇంటి సంగతి. ఒక క్రైస్తవ బడి, జిల్లా పేరు కూడా చెప్పను. అక్కడ ఆయా ఒకామె ఫిర్యాదు ఇచ్చింది. రిజిస్టర్లో ఒక అంకె, చేతికిచ్చేది ఒక అంకె, పీఎఫ్ లేదు. యాజమాన్యాన్ని పిలిచాను. "ప్రార్థనతో మొదలుపెడదాం మేడం" అన్నారు. సరే అన్నాను. ఆమెన్ అయ్యాక రిజిస్టర్ అడిగాను. (నవ్వులు) "ఆమెది ఉద్యోగం కాదండీ, పరిచర్య" అన్నారు. అయితే కరస్పాండెంట్ గారిది కూడా పరిచర్యే కదా, ఆ జీతం కూడా ఇదే లెక్కన ఉందా అని అడిగాను. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ తేడా సొమ్ము మూడు వాయిదాల్లో కట్టారు. ఆ ఆయా అదే సంఘంలో బల్ల ఆరాధనకి, అంటే ప్రభు భోజనానికి, వెళ్తుంది, వాళ్ల పక్కనే మోకరిస్తుంది. అంతకాలం వాళ్ల పక్కన ఎలా మోకరించావమ్మా అని అడిగితే, "బల్ల వాళ్లది కాదు కదండీ" అంది.

కులం గురించి చెప్పకుండా ఈ అంశం ముగించలేను, టైమ్ అయిపోతోందని అయ్యగారు చూస్తున్నా సరే. షెడ్యూల్డ్ కులాల మీద వచ్చిన 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువులు కానివాళ్లు ఎస్సీలు కారు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉన్నారు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి వచ్చిన క్రైస్తవులు బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషన్. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ పేరా తీసేయమంది. 2023 మార్చిలో మన శాసనసభ దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది. మన నాయకులు ఢిల్లీ వెళ్లి, మతం మారినా కులం పోలేదండీ అని వాదిస్తారు. నిజమే చెబుతున్నారు. పోలేదని మనకంటే బాగా ఎవరికి తెలుసు? ఏ సంఘంలో మాలలెక్కువ, ఎక్కడ మాదిగలెక్కువ, ఆర్సీఎంలో, అంటే రోమన్ కేథలిక్ సంఘాల్లో, రెడ్లూ కమ్మవాళ్లూ ఏ ఊళ్లో ఉన్నారు, సంబంధాలు చూసేటప్పుడు మనకి నోటికొచ్చు. ఢిల్లీలో కులం ఉందని వాదించి, ఇంటికొచ్చి మా సంఘంలో కులం లేదని సాక్ష్యం చెబుతాం. ఏదో ఒకటే నిజం కావాలి.

చుండూరు మనకి ఎంత దూరం? తెనాలి దాటితే వచ్చేస్తుంది. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితుల్ని చంపారు. బతికినవాళ్లు తెనాలి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ విడుదల చేసింది. తీర్పుల మంచిచెడ్డలు లాయర్లు చెప్పాలి. నేను అడిగేది మనల్ని. రాజులు మొదటి గ్రంథం 21లో రాజు కోరిన ద్రాక్షతోట కోసం నాబోతుని చంపించిన కథ మనం పిల్లలకి కూడా చెబుతాం, ఆ తోటలోనే ఏలీయా ప్రవక్త రాజుని నిలదీశాడని చెబుతాం. చుండూరు పేరు ఆదివారం ప్రార్థనలో ఎన్నిసార్లు విన్నారు?

ఆస్తి మాట ఒక్క నిమిషం. క్రైస్తవులకి వర్తించే భారత వారసత్వ చట్టం 1925 నాటిది. వీలునామా లేకపోతే కొడుక్కీ కూతురికీ సమాన వాటా. వందేళ్లకు పైగానే మన ఆడపిల్లలకి ఈ హక్కుంది. పెళ్లప్పుడు కట్నం ఇచ్చాం కదా అని హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించుకుంటాం. సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురూ మోషే ముందుకొచ్చి తండ్రి వాటా అడిగారు, సంఖ్యాకాండం 27. ఇంటికెళ్లి చదవండి, అన్నదమ్ముల్ని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

వచ్చే నెల నుంచి మీ స్టడీ గ్రూపులో ఆమోసు మొదలుపెడుతున్నారని చెప్పారు. సంతోషం. ఆమోసు పశువుల కాపరి, మేడిపండ్లు ఏరుకునేవాడు. తూనికరాళ్ల మోసం, చెప్పులజోడు కోసం బీదల్ని అమ్మడం, ఇవన్నీ ఆయన రాసింది అంగట్లో చూసే. మీరు మాత్రం మీలో మీరే, డిగ్రీలవాళ్లే కూర్చుని చదవకండి. తొడిమలు తీసేవాళ్లని, అడ్డా మీద నిలబడే మేస్త్రీ పనివాళ్లని, మున్సిపాలిటీలో ఊడ్చేవాళ్లని పిలవండి. ఎనిమిదో అధ్యాయంలో తూకం మాట వచ్చినప్పుడు వాళ్లు చెప్పే వ్యాఖ్యానం ఏ పుస్తకంలోనూ లేదు. రాత్రి ఏడున్నర తర్వాత పెట్టుకోండి, అంతకంటే ముందు వాళ్లు రాలేరు. దానితోపాటు సంఘం ఖాతా పుస్తకం తెప్పించి, ఈ ఆవరణలో పనిచేసే ప్రతివాళ్లకి ఎంత ఇస్తున్నామో ఒక కాగితం మీద రాయండి. సర్కారు కనీస వేతనం పట్టిక నేను తెచ్చిస్తాను.

ప్రశ్న (ఒక యువకుడు): ఆంటీ, మా ఊళ్లో సంఘానికి ఎక్కువ కానుకలిచ్చేది వడ్డీకి తిప్పే ఆయనే. చర్చి స్లాబు కూడా ఆయనే వేయించాడు. ఆ డబ్బు వద్దనమంటారా?

వేసేసిన స్లాబు పగలగొట్టమనను బాబూ. (నవ్వులు) కానీ ఇందాక లేవీయకాండం ఆరు చెప్పాను కదా, అందులో వరస చూడు. ముందు సొత్తుదారుడికి ఇచ్చెయ్యాలి, ఆ తర్వాతే దేవుడి దగ్గరికి పొట్టేలు. సంఖ్యాకాండం అయిదో అధ్యాయంలో ఇంకా వివరంగా ఉంది. నష్టపోయినవాడికి ఇవ్వాలి. పుచ్చుకోడానికి వాడి రక్తసంబంధి కూడా లేకపోతే, అప్పుడు యాజకుడికి. అంటే మనం లైన్లో చివర. మీ ఊళ్లో ఆయనకి నోటు రాసినవాళ్లు బతికే ఉన్నారు, బహుశా మీ సంఘంలోనే ఉన్నారు. అయ్యగారు ఆయన ఇంటికి వెళ్లి అడగాల్సింది మేడ మీద గదులకి డబ్బు కాదు. ఆ నోట్లు బయటికి తీయమనాలి. వెనక చెల్లు వేశారా, కట్టినా వెయ్యకుండా వదిలేశారా, అసలు ఎప్పుడో తీరిపోయినవి ఎన్ని, అవి చూడాలి. అయ్యగారు ఒక్కరే వెళ్తే మొహమాటపడతారు. ఇద్దరు పెద్దలు, ఇద్దరు ఆడవాళ్లు కలిసి వెళ్లండి. నోట్లు చదవడం వచ్చిన మనిషి కావాలంటే నాకు ఫోన్ చెయ్యి, పొద్దుటి బస్సుకి వస్తాను.